గాలి పెట్టిన చుక్క

మా ఎనిమిదో తరగతి గదికి కిటికీలు మూడు.
అద్దాలు లేవు.
హుద్‌హుద్ నాడు పోయాయి.
ఎస్టిమేటు రాసి పట్టుకెళ్లిన ఇంజనీరు
రిటైరై, మనవడి అన్నప్రాసనకి
మమ్మల్నందర్నీ పిలిచాడు కూడా.
అద్దాలు మాత్రం రాలేదు.

అందుకని పోర్టే మా బడికి వస్తుంది.
పట్టీలో పేరు లేని పిల్ల అది,
ఒక్క రోజూ నాగా పెట్టదు.
బల్లల మీద, చెవుల వెనక,
మధ్యాహ్నం గుడ్డు వొలిస్తే
తెల్లటి గుడ్డు మీద వేలిముద్రలు.
జ్ఞానాపురంలో తెల్లచొక్కా అంటే
పొద్దున్న తొమ్మిది దాకా ఉండే ఒక ఊహ.

గ్రాంటు తలకింత అని వస్తుంది.
పసుపు బస్సొకటి మా గేటు ముందే ఆగి
మా తలల్నే ఎక్కించుకుపోతుంది.
తలలు తగ్గితే సున్నం తగ్గింది,
సున్నం తగ్గితే తలలు తగ్గాయి.
ఈ లెక్క నేను పిల్లలకి చెప్పను,
సిలబస్‌లో లేదు.
సుద్దముక్కలు పూర్ణా మార్కెట్లో నా ఖాతాలో వస్తాయి.

మొన్న జాబితా వచ్చింది.
భాగహారంలో మిగులంటే ఏమిటో
ఇరవై రెండేళ్లు చెప్పిన వరహాలమ్మ టీచరు
తన పేరు పక్కన ఆ మాట చూసుకుని
కళ్లజోడు తీసి తుడుచుకుంది.
దుమ్మనుకుంది పాపం.

పోయిన పరీక్షకి మా బడిది ఎర్రగడి.
సమీక్షలో తెర నిండా పచ్చటి బడులు,
మధ్యలో మేం, కోసిన పుచ్చకాయలా.
కారణం ఎంచుకోమంది ఫోను.
విద్యార్థుల గైర్హాజరు.
తల్లిదండ్రుల నిరాసక్తత.
ఉపాధ్యాయుల అశ్రద్ధ.
ఇతరములు.
ఇతరములు నొక్కాను. రాయడానికి చోటివ్వలేదు.
మళ్లీ నొక్కాను. చక్రం తిరిగింది, తిరిగింది,
గడువు దగ్గర పడింది.
"మూడోది పెట్టీవోయ్, గొడవొదిలిపోద్ది"
అన్నారు హెడ్మాస్టరు పైడిరాజు గారు,
నా వైపు చూడకుండా.
పెట్టాను.
నా అశ్రద్ధకి అలా సర్కారు ముద్ర పడింది.

అప్పట్నుంచీ నెల రోజులు
మేం చెప్పిన పాఠం ఒకటే:
సున్నా నింపడం.
నల్లగా, నిండుగా, గీత దాటకుండా,
ఒకసారి నింపాక చెరపకుండా.
మొలక చూపిద్దామని
తడిగుడ్డలో కట్టిన పెసలు
బీరువా మీద వాటంతటవే మొలిచి, వాడి, ఎండి
ఎవరూ చూడకుండా పాఠం ముగించేశాయి.

ఇవాళ బుధవారం. జిల్లా అంతటికీ ఒకే కాగితం.
నలభై ప్రశ్నలు, ప్రశ్నకి నాలుగు సున్నాలు.
పదిహేడో ప్రశ్న దగ్గర జోజి చెయ్యెత్తాడు.
వాళ్ల నాన్న బొగ్గు యార్డులో కళాసీ.
"మేస్టారూ, ఇది నాను పెట్టనేదండి.
గాలెట్టింది."

వంగి చూశాను.
మూడో సున్నాలో బొగ్గు చుక్క,
నల్లగా, నిండుగా, గీత దాటకుండా.
మా పిల్లలెవరికీ అంత బాగా రాలేదు.
ప్రశ్న: కింది వాటిలో తరిగిపోయే ఇంధనం ఏది?
ఎండ. గాలి. బొగ్గు. అల.

పర్యవేక్షకుడు వరండాలో టీ తాగుతున్నాడు.
పరీక్ష గదిలో మాట్లాడకూడదు, తెలుసు.
"మరి నువ్వేం పెడదామనుకున్నావురా?"
"ఎండండి. సాయంత్రానికి అయిపోద్ది గదా.
బొగ్గు తరగదండి, రోజూ దిగుతాది.
మా నాయన్నడగండి కావాలంటే."

ఉంచితే ఒక మార్కు.
ఒక మార్కుకి ఎర్రగడి పసుపవుతుందేమో,
వరహాలమ్మ ఇంకో ఏడాది ఉంటుందేమో.
ఉండదని నాకూ తెలుసు.
ఊదితే పోతుంది.

పెదాలు సున్నాలా చుట్టాను.
ఔటర్ హార్బర్‌లో ఓడేదో కూత వేసింది.
జోజి నా నోటి వైపే చూస్తున్నాడు,
పెన్ను ఎత్తి పట్టుకుని.
ఇంకా ఇరవై మూడు ప్రశ్నలున్నాయి.